మిగిలిన గాజు, పోయిన చీటీ

అమెరికాలో పాత మందుసీసాలను సేకరించేవారి నిధులు చాలావరకు మట్టిలోంచి వచ్చినవే. పట్టణాల్లో మురుగు కాలువలు రాకముందు పెరటి మరుగుదొడ్డి గొయ్యే ఇంటి చెత్తకు కూడా ఆధారం. నూరేళ్ళ తరవాత ఆ గోతులను తవ్వినవారికి సీసాలు చెక్కుచెదరకుండా దొరికాయి. వాటికి అంటించిన కాగితపు చీటీలు మట్టిలో కలిసిపోయాయి. చీటీ ఉన్న సీసాకు సేకర్తలు ఎక్కువ వెల కడతారన్నది నిజమే. కాని సీసా స్థాయిని నిర్ణయించేవి ప్రధానంగా రంగు, ఆకారం, అరుదుతనం, గాజుపై పోతపోసిన అక్షరాల స్పష్టత. ఈ కొలమానం పాత మందుల దుకాణం చరిత్రను ఎటు మళ్ళించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా సేకర్తలకు దక్కవలసిన గౌరవం దక్కాలి. సీసా వయసు తేల్చే విద్యకు వారు చేసిన సేవ చిన్నది కాదు. సీసా అడుగున ఇనుపకడ్డీ విరిచిన గరుకు మచ్చ ఉంటే అది సాధారణంగా 1860ల నాటిదో, అంతకు ముందుదో. అచ్చు అతుకుగీత మెడమీదే ఆగిపోతే మూతిని చేత్తో తీర్చారని అర్థం. అంచు దాటి పైదాకా పోతే అది యంత్రం పని. మైకేల్ ఓవెన్స్ స్వయంచాలక యంత్రం 1903లో వచ్చింది. పురావస్తు శాస్త్రజ్ఞులకు కూడా ఈ గుర్తులు ఆధారాలే. అయితే ఇవన్నీ సీసా ఎప్పుడు, ఎలా తయారైందో చెబుతాయి. అందులో ఏముండేదో, దాన్ని ఎవరు తాగారో చెప్పవు.

గాజు చెప్పేది అమ్మకందారు మాట మాత్రమే. ‘పేటెంట్ మందు’ అన్న పేరులోనే ఈ చిక్కు ఉంది. పేటెంటు పొందాలంటే మందు పాళ్ళు బయటపెట్టాలి. తయారీదారులకు అది ఇష్టం లేదు. అందుకే చాలామంది మందుకు కాక పేరుకూ, గుర్తుకూ, కొన్నిసార్లు సీసా ఆకారానికీ రక్షణ తీసుకున్నారు. సేకర్తలు ప్రాణంగా చూసుకునే డ్రేక్స్ ప్లాంటేషన్ బిటర్స్ సీసా దుంగల గుడిసె ఆకారంలో ఉంటుంది. దానిమీద 1862లో పేటెంటు పొందినట్లు అక్షరాలున్నాయి. ఆ పేటెంటు గుడిసె రూపానిదే కాని లోపలి ద్రవానిది కాదు. లోపలిది ప్రధానంగా మద్యం.

మిసెస్ విన్స్‌లోస్ సూదింగ్ సిరప్ సంగతి ఇంకా బాధాకరమైనది. 1849 నుంచి మెయిన్ రాష్ట్రపు బాంగర్‌లో మొదలై, పళ్ళు వచ్చే పసిపిల్లల ఏడుపు మానుపుతుందని ఇంటింటికీ చేరిన మందు ఇది. ఏడుపు మానింది మార్ఫిన్ వల్ల. గాజుమీద మందు పేరు, యజమానుల పేర్లు ఉన్నాయి. మార్ఫిన్ మాట లేదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1911లో దీన్ని పసిపిల్లలను చంపే మందుల జాబితాలో చేర్చింది. సన్నని లేతనీలి ఆకుపచ్చ సీసా విరివిగా దొరుకుతుంది కనుక సేకర్తల లెక్కలో దానికి పెద్ద విలువ లేదు. ఎంత విరివిగా దొరికితే అంతమంది పిల్లల నోటికి చేరిందన్న అర్థం ఆ లెక్కలో లేదు. చరిత్రకారుడికి ఏది ముఖ్యమో, సేకర్తకు అదే చవక.

అమెరికన్లు ఈ మందులతో చేసిన పోరాటమంతా కాగితంమీద జరిగింది. శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ 1905లో కోలియర్స్ పత్రికలో రాసిన వ్యాసాలు మందుల మోసాన్నే కాక, ప్రకటనల డబ్బుకు లోబడి పత్రికలు పాటించిన మౌనాన్ని కూడా బయటపెట్టాయి. 1906 జూన్ 30న వచ్చిన చట్టం మద్యం, మార్ఫిన్, నల్లమందు, కొకెయిన్ వంటివి ఉంటే వాటి పరిమాణాన్ని చీటీమీద చెప్పి తీరాలంది. అంటే గోతిలో కుళ్ళిపోయిన ఆ చిన్న కాగితమే ఒక తరం సాధించిన విజయం. అది రాలిపోయిన సీసా మళ్ళీ తయారీదారు పక్షాన సాక్ష్యం చెబుతుంది.

చీటీమీది ఒక్క మాట ఎంత బరువైనదో 1937లో తేలింది. ఎలిగ్జిర్ సల్ఫనిలమైడ్ అనే మందును డైఇథలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మారు. నూరుమందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పిల్లలు. మందు ప్రమాదరహితమని ముందుగా నిరూపించాలన్న నియమం అప్పటికి లేదు. ‘ఎలిగ్జిర్’ అంటే అందులో మద్యం ఉండాలి, ఇందులో లేదు, కాబట్టి పేరు తప్పు అన్న ఒక్క ఆధారంతో అధికారులు సరుకును పట్టుకోగలిగారు. దుకాణాల చిట్టాలు, వైద్యుల చీటీలు వెతుక్కుంటూ పోయి, తయారైన 240 గాలన్లలో 234 గాలన్లకు పైగా వెనక్కి తెచ్చారు. సీసాల జాడ చెప్పినవి కాగితాలే. మరుసటి ఏడాది, 1938లో, కొత్త మందు అమ్మకానికి రాకముందే భద్రతను చూపాలన్న చట్టం వచ్చింది.

సీసా, కాగితం కలిసి ఉంటే ఏమవుతుందో వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో చూడవచ్చు. 1792లో మొదలై 1933లో మూతపడిన స్టేబ్లర్-లెడ్‌బీటర్ మందుల దుకాణం 1939లో మ్యూజియం అయింది. అక్కడ సీసాలతోపాటు చిట్టాలు, ఉత్తరాలు కూడా నిలిచాయి. 1802లో మార్తా వాషింగ్టన్ తరఫున ఆముదం కావాలని రాసిన చీటీ వాటిలో ఒకటి. మన అమ్మమ్మల కాలంలో ప్రతి ఇంటా ఉన్న ఆముదమే మొదటి అధ్యక్షుడి భార్యకూ అవసరమైందన్న సంగతి ఏ సీసా చెప్పగలదు?

మన పరిస్థితి ఇందుకు తలకిందులు. మన ఇళ్ళలో ఖాళీ సీసా మరుగుదొడ్డి గోతిలో పడలేదు. నూనెకో కిరసనాయిలుకో పనికొచ్చింది, లేదా పాత సామాన్లవాడి బుట్టలోకి పోయింది. గాజు నిలవలేదు, కాగితం కొంత నిలిచింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో స్థాపించిన అమృతాంజనం రాబడి ఆంధ్రపత్రికకు అండ అయింది. కె. ఎన్. కేసరి లోధ్ర వెనుక గృహలక్ష్మి ఉంది. అమెరికాలో మందుల డబ్బు పత్రికల నోరు మూయించిన సందర్భాలుంటే, మన దగ్గర మందుల డబ్బే పత్రికలను పుట్టించింది. ఈ తేడాకు మనం గర్వించవచ్చు. కాని ఆ పత్రికల్లోని మందుల ప్రకటనలను కూడా అంతే నిశితంగా చదవవలసి ఉంది.

అందుకు ఆ పుటలు మనకు మిగలాలి. పాత సంచికలను బైండు చేసేటప్పుడు, స్కాన్ చేసేటప్పుడు ప్రకటనల కాగితాలను అనవసరమని తీసివేస్తే, గోతిలో మట్టి చేసిన పనిని మనం చేతులారా చేసినవాళ్ళమవుతాము.