రెండు పట్టాల చదువు

రోగిని పరీక్షించు వైద్యుడే రోగకారణమును ప్రయోగశాలలో వెదకవలెననునది మంచి ఆశయము. అట్టివారిని తయారుచేయుటకు అమెరికాలో రెండు మార్గము లేర్పడినవి. వైద్యపట్టా పొందిన యువకులను 1953 నుండి బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలలో పరిశోధనకు చేర్చుకొనుట మొదటిది. ఆ సంస్థల ధనసహాయముతో 1964లో ఆరంభమైన వైద్యపట్టా, పిహెచ్.డి. జంటశిక్షణ రెండవది.

జంటశిక్షణకు సుమారు ఎనిమిదేండ్లు పట్టును. రుసుము ఉండదు, జీవనభృతి లభించును. అప్పులభారమునకు వెరచి పరిశోధనను విడువకుండుటకు ఇది గొప్ప ఆసరా. కాని దీనిలో ఒక లోపము కలదు. సాధారణముగా మొదట రెండేండ్లు వైద్యపాఠములు, పిదప నాలుగేండ్లు ప్రయోగశాల, చివరకు వార్డు. నడుమ రోగి మరుగున పడును. రెండు చదువులును పక్కపక్కనే ఉండును గాని కలియవు.

మొదటి మార్గమున నడచిన జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌కు పిహెచ్.డి. లేదు. 1968–70లో బెథెస్డా ప్రయోగశాలలో పనిచేయుచునే, కొలెస్టరాలు మితిమీరి పసితనముననే గుండెపోటుకు గురియైన తోబుట్టువుల నిద్దరిని ఆయన వార్డులో చూచెను. వారిని గూర్చిన ప్రశ్నయే ఆయనకును, మైకేల్ బ్రౌనుకును 1985లో నోబెల్ బహుమానము తెచ్చిన పరిశోధనకు మూలము.

అంతమాత్రమున పిహెచ్.డి. వ్యర్థమనరాదు. మద్రాసులో వైద్యము చదివిన యల్లాప్రగడ సుబ్బారావు 1930లో హార్వర్డునుండి ఆ పట్టా పొందెను. ఆ జీవరసాయన జ్ఞానమే ఆయన ఔషధ పరిశోధనలకు పునాది.

కావున విద్యార్థి విద్యాలయముల పేర్లను, భృతిని పోల్చుటకు ముందు ఒక్క ప్రశ్న అడుగవలెను: వార్డులో పుట్టిన సందేహమును ప్రయోగశాలకు నడిపించు గురువు అచ్చట ఉన్నాడా? పట్టాల లెక్క ఆ తరువాతిది.