తెంచినకొద్దీ మెరిసే సంఖ్య

357686312646216567629137.

రసికులారా, తొందర వద్దు! ఒక్కొక్క అంకెనే నోట పలుకుతూ రండి. ఇరవైనాలుగు అంకెల ఈ నిడుపాటి సంఖ్య ప్రధాన సంఖ్య. అంతమాత్రానికే మురవనక్కర్లేదు, ప్రధాన సంఖ్యలకు అంతే లేదు కదా. ఇప్పుడు ఎడమ కొసనున్న 3 తెంచండి. మిగిలిందీ ప్రధానమే! 5 తెంచండి, 7 తెంచండి, వరసగా తెంచుతూనే పొండి. 629137, 29137, 9137, 137, 37, కడకు 7. అన్నీ ప్రధానాలే! మన చిత్రకవులు అక్షరచ్యుతకం అనే విద్య చూపేవారు; ఒక్క అక్షరం జారితే మరో అర్థం తళుక్కుమనేది, సభ ఆహా అనేది. ఇక్కడ ఇరవైమూడుసార్లు జారినా వన్నె చెదరలేదు. ఏ కవీ కూర్చని కూర్పు ఇది!

ఇక లోపలి సొంపు చూడండి. 6 ఏడుసార్లు వస్తుంది. సరి అంకెకు ఇక్కడేం పని అనిపిస్తుంది. కాని ఒకట్ల స్థానంలో 7 కాపున్నంతకాలం దాని సరితనం ఎవరికీ చేటు కాదు. పైగా 6 మూడుతో భాగింపబడేది. అది ఎన్నిసార్లు వచ్చి చేరినా, మూడుతో భాగిస్తే వచ్చే శేషం ఇసుమంతైనా కదలదు. అందుకే ఆ రాకల్లో అంత నిబ్బరం, అంత నిండుదనం. ఒకచోట 686, ఒకచోట 65676, నట్టనడుమ 1264621! ఎటునుంచి చదివినా ఒకటే అయిన ఆ ఏడంకెల మలుపు దగ్గర నాకు ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

కుడినుంచి తెంచే జాతిలో పెద్దది 73939133, ఎనిమిదంకెలదే. చక్కనిదే కాని దానికి ఇంత విస్తారం లేదు, ఈ ఆరుల గాంభీర్యమూ లేదు.

ఎడమనుంచి తెంచే ఈ ఆటలో సున్నను చొరనివ్వకూడదన్నదే నియమం. ఆ నియమంతో ఈ వంశంలో ఉన్నవి మొత్తం 4260. ఒకటే అంకెవి 4. అక్కడినుంచి పెరిగి పెరిగి తొమ్మిదంకెల దగ్గర 545కి పొంగి, ఆపైన తరుగుతూ వస్తాయి. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ ప్రధానాలు పలచబడతాయి మరి. మన సంఖ్య ఉన్న ఎత్తున యాభైనాలుగింటికి ఒకటి దొరికితే గొప్ప. ఇరవైమూడంకెలవి మూడే. ఇరవైనాలుగంకెలది ఇదొక్కటే! దీని ఎడమన 1 మొదలు 9 దాకా ఏది పెట్టినా ప్రధానత్వం పోతుంది. తెంచితే నిలుస్తుంది, పెంచబోతే ఒప్పుకోదు! ఇలాంటి సంఖ్యల మీద ఏంజెల్, గాడ్విన్ అనే గణితజ్ఞులు 1977లో వ్యాసం ప్రచురించారు.

దీన్ని కంటితో చదివి వదిలేయకండి. కాగితం మీద ముందు 7 రాయండి. దాని ఎడమన 3, ఆ ఎడమన 1, ఆ ఎడమన 9. అలా మీ చేత్తోనే పెంచుకుంటూ వెళ్లండి, 1264621 దగ్గర మాత్రం కాసేపు ఆగండి.