కట్టప్ప రహస్యము

2015 జూలై 10వ తేదీని ‘బాహుబలి’ మొదటిభాగము వెలువడినది మొదలు, 2017 ఏప్రిల్ 28న రెండవభాగము వచ్చువఱకును, కట్టప్ప బాహుబలిని ఏల చంపెనను ప్రశ్నయే ఎల్లయెడల వినబడెను. మా ఉయ్యూరి విద్యార్థులును మాహిష్మతి రాజ్యపు కట్టుబాట్లను, కాలకేయుల కిలికి భాషను గూర్చి తర్కవాదులవలె వాదించిరి. ఊహకు ఇది మంచి వ్యాయామమే. దీనిని మేము నిందింపము.

శివగామి ఆజ్ఞాపించెను, తరతరములుగా సింహాసనమునకు దాసుడైన కట్టప్ప శిరసావహించెను. ఉత్తరము దొరకగానే వాదము ముగిసెను. అసలు వాదము అచ్చటనే ఆరంభము కావలసియుండెను గదా! పూర్వుల ప్రతిజ్ఞకై నిరపరాధిని చంపుట ధర్మమా? ప్రతిజ్ఞకు కట్టువడి అధర్మపక్షమున నిలిచిన భీష్ముని గూర్చి మన పెద్దలు నేటికిని వాదించుచున్నారు. రహస్యము బయల్పడిన కథ పాతబడును, ధర్మసందేహము పాతబడదు. తలిదండ్రులు తమ బిడ్డలను ఈ ప్రశ్నయే అడుగుదురు గాక.