రొయ్య వీపు, కటిల్‌ఫిష్ నడుం

అంకులిలో మా ఇంటికి చిలికా రొయ్యలొచ్చిన రోజు కత్తిపీట ముందు కూర్చుని పిన్ని మొదట అనే మాట, "నరం లాగి పారెయ్‌రా, లేకపోతే కూరంతా ఇసుకే." వీపు మీది ఆ నల్ల దారం నరం కాదు, పేగు. అసలు నరాల తాడు కడుపు వైపు, కాళ్ల మొదళ్ల నడుమ సన్నగా ఉంటుంది. దాన్ని ఎవరూ తీయరు, కూరలోనే ఉడికిపోతుంది. పక్క గిన్నెలోని చేపలో వరస తిరగబడింది: నరాల తాడు వీపున, పేగు కడుపున.

ఈ తేడా దగ్గరే పారిస్‌లో ఇద్దరు జంతుశాస్త్ర ఉద్దండులు విడిపోయారు. ఎతియెన్ జొఫ్రువా సాంతిలేర్ లాబ్‌స్టర్‌ను వెల్లకిలా పెట్టి చూసి, ఇప్పుడిది చేప వరసే కదా అని 1822లో రాశాడు. ఆయన దృష్టిలో జంతువులన్నిటికీ అచ్చు ఒకటే. ఒకటి బోర్లా, ఇంకొకటి వెల్లకిలా. జార్జ్ క్యూవియే లెక్కలో మాత్రం జంతువులు నాలుగు తెగలు: వెన్నెముక గలవి, మెత్తని ఒంటివి, కణుపుల ఒంటివి, చక్రంలా అమరినవి. ఏ అవయవమైనా చేసే పనిని బట్టే ఉంటుంది, తెగకీ తెగకీ దారి లేదన్నాడు.

1830లో వీళ్ల గొడవ పారిస్ సైన్స్ అకాడమీకెక్కింది రొయ్య వల్ల కాదు, కటిల్‌ఫిష్ వల్ల. వెన్నెముక జంతువును నడుం దగ్గర వెనక్కి విరిచి, మెడ పిర్రలకు ఆనేలా మడిస్తే కటిల్‌ఫిష్ అమరిక వస్తుందని ఇద్దరు కుర్రాళ్లు ఒక వ్యాసం పంపారు. జొఫ్రువా దాన్ని భుజానికెత్తుకున్నాడు. క్యూవియే బొమ్మలు పక్కపక్కన పెట్టి ఉతికి ఆరేశాడు.

గోపాల్‌పూర్‌లో కొన్న కటిల్‌ఫిష్‌ను ఒక్కసారి కోస్తే ఎవరైనా క్యూవియే వైపే మొగ్గుతారు. ఆహారనాళం మెదడు నడుమ నుంచి, ఉంగరంలో దారంలా పోతుంది. నడుం ఎంత విరిచినా మన ఒంట్లో ఆ ఏర్పాటు రాదు. సముద్రపు నురుగు పేరుతో మందుల కొట్లో దొరికే తెల్ల పలక దాని ఒంటిలోదే. వెన్నెముకలా కనిపిస్తుంది గానీ, నత్త గుల్ల లోపలికి పోయిందనుకోండి. కన్ను అచ్చం మనదే అనిపిస్తుంది. తీరా చూస్తే దాని నరాలు కంటి తెర వెనక నుంచి పోతాయి, అందుకే మనకున్న గుడ్డి చుక్క దానికి లేదు. దాని చుట్టం ఆక్టోపస్‌కైతే సుమారు 50 కోట్ల నాడీకణాల్లో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉన్నాయి. తల అనే మాటే అక్కడ సరిగా అతకదు.

నా మట్టుకు జొఫ్రువా తప్పు సాక్షిని బోనెక్కించాడు. కటిల్‌ఫిష్‌తో పాటు పాపం రొయ్య కూడా కేసు ఓడింది. 1990లలో దాని తరఫున సాక్ష్యం దొరికింది. ఈగ పిండంలో నరాలు పుట్టే చోటును కడుపు వైపు కాపాడే జన్యువు, కప్పలో అదే పనిని వీపు వైపు చేస్తోంది. తల సరిగా ఏర్పడని ఈగలో మనిషి తల జన్యువును పెడితే ఆ లోపం కొంత సర్దుకుంది కూడా. లాబ్‌స్టర్‌ను తిప్పిన చెయ్యి సరిగ్గానే తిప్పింది.

అయితే క్యూవియేకీ అప్పీలుంది. నరాల తాళ్లు వేర్వేరు జంతువుల్లో విడివిడిగా, ఒకటికి రెండుసార్లు కాదు, ఎన్నోసార్లు పుట్టి ఉంటాయని 2018లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన వాదించింది. వాదన బలమైనదే. దిక్కులు ఉమ్మడి ఆస్తి కావచ్చు, తాడు ఎవరికి వారు పేనుకున్నది కావచ్చు.

క్యూవియే నిజంగా చిత్తయింది నాలుగో తెగలో. వలల్లోంచి దులిపిన జెల్లీఫిష్‌నూ సముద్ర నక్షత్రాన్నీ ఆయన ఒకే గాట కట్టేశాడు. జెల్లీఫిష్‌కు తల లేదు, ఉన్నది నరాల వల. సముద్ర నక్షత్రానికీ లేదనే అందరం అనుకున్నాం. 2023లో చూస్తే, వేరే జంతువుల్లో తలను దిద్దే జన్యువులే దాని ఒంటినిండా పనిచేస్తున్నాయి, మొండెం జాడ దాదాపు లేదు. పుట్టుక వరసలో అది రొయ్య కంటే మనకే దగ్గర చుట్టం.