రాజవార్తకు పూర్వపక్షము

పూర్వపక్షముఁ జెప్పక సిద్ధాంతము చేయుట శాస్త్రకారులకు సమ్మతము గాదు. రాజ్యము తానే నడపు వార్తావాణి కీ నియమము లేదు. అయినను గ్రంథము గాదని పండితులు దానిని త్రోసివేయుట తగదు. నేఁటి ప్రభుత్వములు అంతర్జాలమునఁ బ్రకటించు వార్తలఁ బరీక్షింపఁ గోరువారు మొదట రేడియోనాఁటి యుదాహరణమును జూడవలెను.

నిజాము ప్రభుత్వము 1935లోఁ జేపట్టిన దక్కను రేడియో ప్రధానముగా నుర్దూలోఁ బలికెను. ఆనాఁడు ఖమ్మము వరంగల్లు జిల్లాలోనిది. భద్రాచలము 1874లో గోదావరి జిల్లాతోఁ జేరి మద్రాసు పాలనలో నుండెను; ఖమ్మముతోఁ గలసినది 1959లో. నడుమ నది, ఇరుదెసల నడవి, కోయపల్లెలు. ఆవలి యొడ్డు ఆలిండియా రేడియో పాలిది. అదియు సర్కారు శాఖయే. గాలిలోని మాటకు మాత్రము కరోడ్గిరీ నాకా లేదు.

1947 జూనులో నిజాము తాను స్వతంత్రుఁడ నగుదునని ఫర్మానా వెలువరించెను. 1948 సెప్టెంబరు 17న ఆ నిజామే రేడియోలో యుద్ధవిరమణముఁ బ్రకటించెను. ఈ నడుమ, విలీనముఁ గోరి వ్రాసిన ఇమ్రోజ్ పత్రికాసంపాదకుఁడు షోయబుల్లాఖాను ఆగస్టులో హతుఁడయ్యెను. పూర్వపక్షముఁ బలికినవాని కబ్బిన ఫల మది. ఆయన వ్రాసినదియు నుర్దూలోనే. కావున దోషము నాభాషపై మోపువారు విషయము నెఱుఁగరు.

ఆవలి వాణియు నిర్దుష్టము గాదు. సేనలు నడచిన దండయాత్రకు ‘పోలీసు చర్య’ యని పేరిడినది ఢిల్లీ. ఆ రెండు పదములలో ట్యాంకులు లేవు. తరువాతి హింసను విచారించిన సుందర్‌లాల్ సంఘపు నివేదికయు లేదు. దానిని ప్రభుత్వము చిరకాలము ప్రకటింపలేదు. ‘పోలీసు యాక్షను’ అను పేరు మాత్రము పుస్తకములలోఁ జేరి, ఖమ్మము పల్లెలలో నేఁటికిని వినవచ్చుచున్నది.