తోక ఎప్పుడు దాటుతుంది?

రుద్రవరం పొలాల పక్కగా పోయే తెలుగుగంగ కాలువలో ఎవరో పురుగుమందు డబ్బా ఒంపేశారనుకుందాం. అందరూ అడిగేది ఒకటే: కింది ఊరికి ఆ మందు ఎన్ని గంటలకు వస్తుంది? ఏటి నీటిలో కల్మషం నడకను లెక్కగట్టడమే నా పని. నన్నడిగితే అసలు ప్రశ్న అది కాదు. ఎప్పుడు పోతుంది?

వచ్చే వేళ చెప్పడం సులువు. నీళ్ళు సెకనుకు అర మీటరు నడిస్తే వంద కిలోమీటర్లకు దాదాపు రెండు రోజుల ఎనిమిది గంటలు. ఎంత మందు వస్తుందన్నదీ మోటు లెక్కకు అందుతుంది. పత్తి చేలలో ఒకప్పుడు తెగ కొట్టిన 36 శాతం మోనోక్రోటోఫాస్‌నే తీసుకోండి. లీటరు డబ్బాలో అసలు విషం సుమారు 360 గ్రాములు. కాలువలో 350 క్యూసెక్కులు పారుతుంటే గంటకు సుమారు 3.6 కోట్ల లీటర్లు దాటిపోతాయి. ఆ గంట నీటిలో డబ్బా మొత్తం సమంగా కలిసినా లీటరుకు 10 మైక్రోగ్రాములు తేలుతుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ఒప్పుకునేది ఒక్క మైక్రోగ్రామే. ఇంత కాలువకు లీటరు మందు ఏపాటి అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

కాలువ నడుమ నీళ్ళు జోరుగా, గట్టు వెంబడి నిదానంగా పోతాయి. అందుకే మందు పోనుపోను సాగుతుంది. గంట పొడవున్నది పది గంటలకు సాగితే సగటు హద్దు దగ్గరికి దిగుతుంది. అయితే ఆ సాగడం రెండు వైపులా ఒకేలా ఉండదు. అహోబిలం తిరునాళ్ళ ముగిశాక జనం మళ్ళినట్టే: ముందు గుంపు ఒక్కసారిగా వచ్చేస్తుంది, అంగళ్ళ దగ్గర ఆగినవాళ్ళు పొద్దుపోయాక కూడా ఒక్కొక్కరే వస్తుంటారు. ఏటిలో ఆ అంగళ్ళు మడుగులు, తుంగ పొదలు, ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళు. అక్కడ ఆగి ఆలస్యంగా వచ్చే మందే తోక.

లైనింగ్ వేసిన కాలువలో తోక కురచ. కుందూ నదిలో అలా కాదు. నంద్యాల మురుగు కలిసేది దానిలోనే. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కలుషితమని గుర్తించిన 351 నదీ భాగాల్లో కుందూదీ ఒకటుంది. ఆళ్ళగడ్డ వైపు నుంచి వక్కిలేరు దానిలోనే కలుస్తుంది. కింద రాజోలి ఆనకట్ట. మురుగు సంగతి వేరు. అది దారిలో ఎలా కుళ్ళి తరుగుతుందో, నీటిలో ప్రాణవాయువును ఎలా తినేస్తుందో స్ట్రీటర్, ఫెల్ప్స్ 1925లోనే ఒహాయో నది మీద సూత్రం కట్టారు. దానికి ఆలస్యం మంచిదే. లోహాలకు, ఉప్పుకు ఆ తరుగుదల లేదు. ఎండాకాలం పారుదల సన్నగిల్లితే అవి అలాగే తిష్ఠ వేస్తాయి.

1986 నవంబరు 1న స్విట్జర్లాండులో బాసెల్ దగ్గర సాండోజ్ గోదాము తగలబడి, మంటలార్పిన నీటితో పాటు పురుగుమందులు రైన్ నదిలోకి పోయాయి. ఆ తర్వాత నది పొడవునా హెచ్చరికకు ఒక లెక్కల నమూనా తయారైంది. నీటిలో రంగు వదిలి, ఊరూరా కొలిచి దాన్ని సరిదిద్దారు. నాకు నచ్చింది ఏమిటంటే, నిలిచిన నీటి కోసం అందులో విడిగా ఒక అంకె పెట్టారు. పుస్తకం చూసి ఆ అంకె రాయలేం, నది దగ్గరికే పోవాలి. కుందూకూ అలాంటి అంకె కావాలి. వానల్లో ఒకసారి, మామూలు పారుదలలో ఒకసారి, మే నెలలో ఒకసారి రంగు వదిలి చూస్తే చాలు, పెద్ద ఖర్చు కాదు.

పంచాయతీ మోటారు నడిపేవాళ్ళకు నాదొక మనవి. వాసన పోయింది, నీళ్ళు తేటపడ్డాయి అని మోటారు వేయకండి, పరీక్ష ఫలితం చేతికి వచ్చాకే వేయండి. డబ్బా పడటం కళ్ళారా చూసినవాళ్ళు వెంటనే కాలువ లస్కరుకు చెప్పండి: ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు. నా లెక్కకు కావలసినవి ఆ మూడే.