బండి ఎక్కే బల్ల, బల్ల నిలిచే బండ

ఆదివారం పొద్దున పోర్టికోలో బండి విప్పుకుని కూర్చునేవాళ్లు కర్నూలు, కడప వీధుల్లో కొత్తేమీ కాదు. చైను బిగించడం, ప్లగ్గు తుడవడం, ఆయిలు మార్చడం చాలా ఇళ్లలో సొంతంగా జరిగిపోయే పనులే. ఆ సరదా కాస్త ముదిరి క్లచ్ ప్లేట్ల దాకా, ఫోర్కు ఆయిలు దాకా వెళ్లినవాళ్లకు ఏదో ఒక రోజు నడుము పట్టేస్తుంది. బండిని నడుము ఎత్తుకు లేపే బల్ల మీదికి మనసు పోయేది అప్పుడే. మెకానిక్కులు దాన్ని ర్యాంపు అంటారు. కంపెనీ సర్వీస్ సెంటర్లలో వరసగా కనిపించేవి అవే. ఇంటికి సరిపడేవి కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కొనేవాడు మొదట చూసేది అది ఎన్ని కిలోలు ఎత్తుతుందన్న అంకె. మన ప్రాంతంలో మాత్రం ఆ అంకె కంటే ముందు చూడాల్సినది కాళ్ల కింద ఉంది.

అక్కడికి వెళ్లే ముందు నేల మీద కూర్చుని చేసే పని సంగతి చెప్పుకోవాలి. మన షెడ్లలో బండి పని పుట్టిందీ పెరిగిందీ నేల మీదే. 1950ల మధ్యలో మద్రాసులో బుల్లెట్ల తయారీ మొదలైంది. తర్వాత మైసూరు జావాలు, 1985లో ఆర్ఎక్స్ 100, 1994లో స్ప్లెండర్ వచ్చాయి. ఈ బళ్లన్నిటినీ విప్పి బిగించిన చేతులు ఎక్కువగా చిన్న పీట మీదో, పాత టైరు మీదో, మడిచిన గోనెసంచి మీదో కూర్చుని పనిచేసినవే. ఆ కూర్చోవడంలో ఒక విద్య ఉంది. కన్ను చైను ఎత్తులో ఉంటుంది కాబట్టి స్ప్రాకెట్ పళ్లు ఎటు అరిగాయో చూపుకు నేరుగా అందుతుంది. పెద్ద స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే చప్పుడు ట్యాపెట్‌దో, టైమింగ్ చైనుదో, బేరింగ్‌దో తేలిపోతుంది. క్లచ్ కుడివైపు ఉండే స్ప్లెండర్, పల్సర్ లాంటి బళ్లను ఎడమ పక్కకు బాగా వాలిస్తే ఇంజన్ ఆయిలు అటు చేరుతుంది. కుడివైపు కవరు విప్పినా పెద్దగా కారదు, కొత్త ఆయిలు పారబోయాల్సిన పని తప్పుతుంది. పాత బుల్లెట్‌కు క్లచ్ ఎడమవైపు కదా, దానికి ఈ ఉపాయం పారదు. ఏ బండిని ఎటు వాల్చాలో, సెంటర్ స్టాండు వేశాక ముందు చక్రం లేవాలంటే ఇంజను కింద ఏ మందం చెక్క పెట్టాలో పాత మెకానిక్కు చేతికి తెలుసు.

ఆ నేర్పుకు మూల్యం మోకాళ్లు చెల్లించాయి. ముప్పై ఏళ్లు గొంతుక్కూర్చుని పనిచేసిన మనిషి లేవడానికి పెట్రోలు ట్యాంకు పట్టుకోవడం ఏ షెడ్డులోనైనా చూడొచ్చు. అందుకే బల్ల విలాసం కాదు. నేల మీద కూర్చున్నప్పుడు కంటికీ చేతికీ దొరికే దగ్గరితనాన్ని నిలబడ్డ మనిషికి ఇవ్వడమే దాని పని. బలం పెట్టి చేసే పని మోచేతికి ఒక జానెడు దిగువన ఉంటే ఒంటికి హాయి. చక్రం ఇరుసు నేలనుంచి దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. బల్ల 60 లేస్తే ఇరుసు 90కి వస్తుంది. మామూలు పొడవున్న మనిషికి అది సరిగ్గా సరిపోతుంది. హెడ్‌లైటు, హ్యాండిల్ పనులకు అంత ఎత్తు అక్కర్లేదు, సగంలో ఆపుకోవాలి. కాబట్టి పైకీ కిందికీ మధ్య మూడు నాలుగు చోట్ల లాకు పడే బల్లే మేలు.

ఇక బరువు అంకె. స్ప్లెండర్ ప్లస్ 112 కిలోలు. ఎక్స్ఎల్ 100 తొంభైకి అటూఇటూ. క్లాసిక్ 350 బండి 195 కిలోలు, రెండు సిలిండర్ల ఇంటర్‌సెప్టర్ 200 దాటుతుంది. మార్కెట్లో తరచూ కనిపించే 450 కిలోల బల్లలు నిజానికి వెయ్యి పౌండ్ల లెక్కకు తయారైనవి. 300, 400 కిలోలు తూగే హార్లీల లాంటి పెద్ద బళ్లు అమెరికా గ్యారేజీల్లో మామూలు కాబట్టి అక్కడ ఆ లెక్క అవసరమైంది. మన ఇంట్లో ఉన్నది బుల్లెట్ అయినా 360 కిలోల బల్ల నిశ్చింతగా చాలు. అంతకు మించి పెట్టే డబ్బు ఇనుము మందానికీ లాకుకూ పెడితే సార్థకం. అంకె కంటే పొడవు ముఖ్యం. క్లాసిక్ 350 మొత్తం పొడవు 2 మీటర్ల 14 సెంటీమీటర్లు, రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 1 మీటరు 39. చక్రాలు రెండూ బల్ల మీద నిండుగా ఆనాలి. అడ్డంగా 60 సెంటీమీటర్లయినా లేకపోతే సైడ్ స్టాండు అంచు మీద పడుతుంది.

బల్ల కింద కత్తెరలా విప్పుకునే ఇనుప చేతులుంటాయి. కాలితో పెడల్ తొక్కితే సిలిండరులో ఆయిలు చేరి ఆ చేతుల్ని తోస్తుంది. అన్నిటికంటే కష్టం మొదటి జానెడే. చేతులు దాదాపు పడుకుని 10 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు, అడ్డంగా తోసే సిలిండరు పైనున్న బరువుకు ఐదున్నర రెట్లకు పైగా బలం పెట్టాలి. 45 డిగ్రీలకు వచ్చాక బరువంత తోస్తే చాలు. అందుకే కొనేటప్పుడు బండి ఎక్కించి అట్టడుగు నుంచి తొక్కి చూడాలి. సగం లేపి ఉంచిన బల్లను చూపించి అమ్మేవాడి దగ్గర దాని బలహీనత బయటపడదు.

ఇప్పుడు కాళ్ల కిందికి వద్దాం. ఈ రెండు జిల్లాల్లో పోర్టికోలకూ షెడ్లకూ పరిచేది నాపరాయే. బేతంచెర్ల బండ, కడప బండ అని దేశమంతటా పోతున్నది అదే. బేతంచెర్ల 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది గానీ రాయికి ఆ ఎల్ల తెలియదు. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట లోతు తక్కువ సముద్రంలో పొర మీద పొరగా పేరుకున్న సున్నపురాయి ఇది. భూగర్భ శాస్త్రవేత్తలు ఇందులో ఒక వరసకు నార్జి సున్నపురాయి అని మన ప్రాంతంలోని ఊరి పేరే పెట్టారు. విలియం కింగ్ ఈ ప్రాంతపు శిలల మీద 1872లో వెలువరించిన గ్రంథం నేటికీ ఆధారంగా నిలుస్తోంది. పొరలుగా పేరుకుంది కాబట్టే పలుగూ ఉలీ పెడితే పలకలుగా లేస్తుంది. దాని మేలూ బలహీనతా రెండూ అందులోనే ఉన్నాయి. కింద గట్టి ఆధారం ఉంటే బండ ఎంత బరువైనా మోస్తుంది. అడుగున బోలు ఉండి బరువు నడిమధ్య పడితే వంగలేదు, పటుక్కున పగులుతుంది.

లెక్క వేస్తే భయం ఎందుకో తెలుస్తుంది. క్లాసిక్ 195 కిలోలు, బల్ల ఓ 120, మొత్తం 315. నాలుగు కాళ్ల మీదికి పంచితే కాలికి దాదాపు 79. వెనక చక్రం విప్పడానికి ఇరుసు నట్టు మీద పొడుగు పాన వేసి ఒరిగినప్పుడు రెండు కాళ్ల మీదే ఎక్కువ బరువు పడుతుంది. ఆ కాలు అరచేతి వెడల్పు పట్టీ అయితే ఒక సంగతి, చిన్న ఇనుప చక్రం అయితే మరో సంగతి. చక్రం బండను తాకేది సన్నని గీత మేరకే. ఇళ్లలో పరిచే బండ చాలాసార్లు 20 మిల్లీమీటర్ల మందమే. అదే 40 మిల్లీమీటర్ల బండ వంపును తట్టుకునే బలం దానికి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు.

బేల్దారి దగ్గర దీనికి పాత పరీక్ష ఉంది. సుత్తి పిడితో బండను మూల నుంచి మూలకు తడుతూ పోవాలి. అతుక్కున్న చోట చప్పుడు పొడిగా, పొట్టిగా ఉంటుంది. అడుగున సిమెంటు అందని చోట డబడబమంటుంది. అలా మోగిన బండల మీద సుద్దముక్కతో గీత గీసి, బల్ల కాళ్లు అక్కడ పడకుండా చూసుకోవాలి. అన్నీ మోగితే మాత్రం దాటవేయకూడదు. బల్ల పట్టే మేర, సుమారు రెండున్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పు బండలు లేపేసి, నాలుగంగుళాల కాంక్రీటు పోయించాలి. వారం రోజులు తడి ఆరనివ్వకుండా చూసి, నిండు బలానికి 28 రోజులు ఆగాలి. ఇది బల్ల ఖరీదులో చిన్న భాగం, కానీ బుల్లెట్ పక్కకు పడే ప్రమాదాన్ని తీసేసేది ఇదే.

నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు ఇళ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. అక్కడి నల్లరేగడి వానలకు ఉబ్బుతుంది, ఎండలకు నెర్రెలిస్తుంది. శ్రావణంలో మట్టంగా ఉన్న నేల వైశాఖానికి ఒక పక్క దిగుతుంది. కాంక్రీటు కింద రేగడి తీసి గరుసు నింపి దిమ్మిస చేయిస్తే ఆ కదలిక తగ్గుతుంది. ఎక్కడైనా సరే, పోర్టికో నేలకు వాననీళ్లు వీధిలోకి పోయేలా వాలు ఉంటుందన్న సంగతి మరవకూడదు. నడిచేవాడికి తెలియని ఆ వాలు బల్ల పైకి లేచేకొద్దీ బండిని ఒక పక్కకు లాగుతుంది. బేల్దారుల నీళ్ల గొట్టంతో మట్టం చూసి, తక్కువైన కాళ్ల కింద ఇనుప రేకులు పెట్టి సరిచేయాలి. చెక్క ముక్కలు పనికిరావు, ఆయిలు తాగి మెత్తబడతాయి. బండల మీద బ్యాటరీ యాసిడ్ ఒలకనివ్వకూడదు. సున్నపురాయి కాబట్టి బుసబుస పొంగి తెల్లటి మచ్చ పడుతుంది, ఎంత రుద్దినా పోదు.

నేల తర్వాత లాకు. ఈ ఒక్క విషయంలో రాజీ పడకూడదని గట్టిగా చెప్పాలి. సిలిండరు బండిని ఎత్తడానికే, మోస్తూ ఉండటానికి కాదు. లోపలి రబ్బరు సీలు ఎప్పటికైనా అరుగుతుంది, ఒక్క నలక చేరినా ఒత్తిడి జారుతుంది. కావలసిన ఎత్తుకు లేపాక ఉక్కు కడ్డీ గాడిలో పడాలి. ఆపైన రిలీజు స్క్రూ కొద్దిగా వదిలి, బల్ల బరువంతా ఆ కడ్డీ మీద కూర్చోబెట్టాలి. చప్పుడు విన్నంత మాత్రాన చాలదు, వంగి కంటితో చూడాలి. కడ్డీ సన్నగా ఉన్నా, వెల్డింగు పుండులా బుడిపెలు కట్టి ఉన్నా, అది ఎన్ని కిలోల బల్ల అయినా వద్దు.

మే నెల కర్నూలులో నీడలోనే 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల షెడ్డులో వేడి ఇంకా ఎక్కువ. హైడ్రాలిక్ ఆయిలు డబ్బా మీది 32, 46 అన్న అంకెలు 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనాన్ని చెబుతాయి. వేడి పెరిగేకొద్దీ ఆయిలు పలచబడుతుంది కాబట్టి, కంపెనీ పుస్తకం ఒప్పుకుంటే మన ఎండలకు 46 నయం. తక్కువైంది కదా అని చేతికందిన బ్రేక్ ఆయిలు మాత్రం పోయకూడదు. ఈ సిలిండర్లలో ఎక్కువగా ఉండే నైట్రైల్ సీళ్లు దానికి ఉబ్బి చెడిపోతాయి. బేతంచెర్ల లాంటి చోట పాలిషు యూనిట్ల రాతిపొడి గాలిలోనే ఉంటుంది. పని అయ్యాక సిలిండరు కడ్డీని గుడ్డతో తుడిచి, బల్లను పూర్తిగా కిందికి దించి కప్పి ఉంచితే సీలు ఆయుష్షు పెరుగుతుంది.

కరెంటుతో లేచే బల్లలు, కంప్రెసరు గాలితో లేచేవి కూడా ఉన్నాయి. రోజుకు పది బళ్లు చూసే షెడ్డుకు అవి న్యాయం. వారానికి ఒక బండి విప్పే ఇంటికి కాలి పెడలే సరి, కరెంటు పోయినా పని ఆగదు. ముందు చక్రాన్ని రెండు పక్కలా బిగించి పట్టే దవడలు, వెనక చక్రం కిందికి ఊడివచ్చేలా తీసిపెట్టగల పలక, ఈ రెండూ ఉన్నాయో లేదో చూడాలి. హ్యాండిల్‌ను రెండు పక్కలకూ లాగి కట్టే రాట్చెట్ బెల్టులు విడిగా కొనాలి. లారీలకు కట్టే నైలాన్ తాడు సాగుతుంది, బండి పట్టు వదులవుతుంది. బల్ల కాకుండా ఇంజను కింద పెట్టి ఎత్తే చిన్న జాకీ లిఫ్టులు చౌకే గానీ, పాత బుల్లెట్‌కు ఇంజను కింద ఫ్రేము పైపు ఉండదు. బరువంతా అల్యూమినియం కేసు మీద పడుతుంది.

డబ్బు అంతగా లేనివాడికి మన నేలే ఒక దారి చూపిస్తుంది. మందపాటి బండలు చవకగా దొరికే ఊళ్లలో మోకాటి ఎత్తున గట్టి పునాదితో ఒక అరుగు కట్టించి, ఎక్కించడానికి ఇనుప పలక, ముందు చక్రానికి గాడి, తాళ్లకు నాలుగు కొక్కేలు పెట్టిస్తే సీలూ లాకూ అవసరం లేని బల్ల సిద్ధం. ఎత్తు మార్చలేం, కానీ జారే భయం ఉండదు. వెల్డింగు షాపులో కారు జాకీ పెట్టి కదిలే బల్ల చేయించుకునేవాళ్లు మాత్రం చానల్ మందం, కీళ్ల బోల్టులు, లాకు కడ్డీ ముందే కాగితం మీద తేల్చుకోవాలి. కదలని బల్లకు పొరపాటును ఓర్చుకునే గుణం ఉంది, కదిలేదానికి లేదు.

పాతది కొనేవాళ్లకు ఒక్క టేపు చాలు. బండి ఎక్కించి, లాకు పడే గాడికి వేలెడు పైన ఆపి, బల్ల అంచు నేలనుంచి ఎంత ఎత్తుందో కొలిచి రాసుకోవాలి. జారినా గాడిలోనే ఆగుతుంది కాబట్టి ప్రమాదం లేదు. రెండు గంటల తర్వాత మళ్లీ కొలిస్తే సీలు సంగతి తేలిపోతుంది. కొద్దిగా దిగితే సీలు మార్పించవచ్చు. నంద్యాల, ప్రొద్దుటూరు లాంటి చోట ట్రాక్టరు జాకీలు బాగుచేసేవాళ్లు ఉంటారు, సిలిండరు కొలతకు సీల్ కిట్ దొరికితే వాళ్ల చేతిలో ఆ పని కష్టం కాదు. బేరం కుదిరే ముందు సిలిండరు మీది కంపెనీ పేరు, కొలత రాసుకుని వాళ్లలో ఒకరికి చూపించడం మంచిది.